బిగువూ వదులూ

ఊలు ఉండకు చుట్టిన కాగితపు పట్టీ మీద ఒక చిన్న సూది బొమ్మయు, దాని ప్రక్కన ‘4 మి.మీ.’ అను అంకెయు అచ్చువేసి యుండుట అల్లికలతో కొంచెమైనను పరిచయమున్నవారు ఎరిగినదే. స్వెట్టరు అల్లువారికి ఆ అంకె ఆప్తవాక్యము. మామూలు క్రోషే పనివారికి మంచి సలహా. ట్యునీషియన్ క్రోషే అను మూడవ విద్యకు పూనుకొన్నవారికి మాత్రము అది చాలని సలహా. ఆ అంకెను నమ్మి, నాలుగు మిల్లీమీటర్ల సూదితో మఫ్లరు నొకదానిని ఆరంభించినవారు, పని నాలుగంగుళములు నడచునప్పటికి, మెడకు చుట్టుకొనుటకు ఒప్పుకొననంత బిరుసైన వస్తువు నొకదానిని, అదియును అడుగు అంచు పైకి చుట్టుకొనిపోవుచుండగా, చేతబట్టుకొని నివ్వెరపోవుదురు. ఊలు మంచిదే, కుట్టు తప్పలేదు, శ్రద్ధకును లోటు లేదు. సూది ఒక్కటే చాలినంత లావు కాదు. ఈ చిన్న సంగతిని గురించి కొంత తీరికగా ఆలోచింపవలెనని నాకు చిరకాలముగా కోరిక. ఏలయన, ఎంత వదులు ఇయ్యవలెనను ప్రశ్నను పని మొదలుపెట్టక మునుపే తేల్చుకొనవలసిన అగత్యము ఈ అల్లికలో ఉన్నంత స్పష్టముగా మరి యే చేతిపనిలోను నాకు కనబడలేదు.

ఈ విద్య నెరుగని వారికై రెండు మాటలు చెప్పవలెను. మామూలు క్రోషేలో ఒక కుట్టు పూర్తియైన పిమ్మటనే మరియొక కుట్టునకు పోదుము; సూదిమీద పట్టుమని నాలుగు ఉచ్చులు నిలువవు. స్వెట్టరు అల్లికలో వరుసలోని ఉచ్చులన్నియు సూదిమీదనే కాపురముండును గాని, అందులకు సూదులు రెండు కావలెను. ట్యునీషియన్ క్రోషే ఈ రెంటికిని నడిమిది. ఒక కొసను కొక్కెమును, మరియొక కొసను ఉచ్చులు జారిపోకుండ గుబ్బయు గల పొడుగాటి సూది యొక్కటే దీనికి సాధనము. ప్రతి వరుసకును రెండు నడకలు. పోవు నడకలో, క్రింది వరుస ముఖమున నిలువు గీతలుగా కనబడు పోగుల క్రింద సూదిని దూర్చి, ఒక్కొక్కదాని నుండి ఒక్కొక్క ఉచ్చును లాగి, అన్నింటిని సూదిమీద నిలుపుకొందుము. వచ్చు నడకలో, పనిని త్రిప్పకయే, దారమును కొక్కెమునకు చుట్టి మొదట ఒక ఉచ్చులోనుండియు, ఆపైన రెండేసి ఉచ్చులలోనుండియు లాగుచు, సూదిమీద ఒక్కటి మిగులువరకును దింపుకొందుము. వస్త్రము ముఖము ఎల్లప్పుడును మనవైపే యుండుట ఈ పనిలోని సుఖము.

బిరుసుదనమునకు హేతువు ఈ నడకలోనే కలదు. నిలువు పోగును మాత్రమే ముందునుండి ఎత్తుకొనుచు పోవుటచే, వచ్చు నడకలో ఏర్పడిన గొలుసు యావత్తును వస్త్రపు వీపువైపునకు త్రోయబడి, అచట అడ్డుకట్లుగా పేరుకొనును. ముఖమున పలుచని గీతలు, వీపున దళసరి గొలుసులు. ఒక ప్రక్క దారమెక్కువయు, ఒక ప్రక్క తక్కువయు అయినప్పుడు, ఎక్కువైన ప్రక్క విస్తరించుటకు చోటు వెదకికొనుచు తక్కువైన ప్రక్క మీదికి ఒరగక తప్పదు. అదియే ఆ చుట్టుకొనిపోవు అంచు. పూర్తియైన దానిని తడిపి, గుండుసూదులతో పరచి ఆరబెట్టినచో ఉన్ని దారమునకు ముడుత కొంత తీరును. మన బజారులలో ఊలు పేర అమ్మునది చాలవరకు ఆక్రిలిక్ గనుక, దానికి తడి చాలదు, ఆవిరి కావలెను. ఆవిరి మితిమీరెనా, అల్లిక తన బిగియంతయు కోలుపోయి జావకారిపోవును, మరల దానికి ప్రాణము రాదు. ఇంతచేసినను ముడుత తీరునే గాని బిరుసు తీరదు. పుట్టుకలో ఇయ్యని వదులును తరువాతి ఉపచారములు తెచ్చిపెట్టలేవు.

కావుననే లావు సూది. లెక్క కష్టమైనది కాదు. 5 మి.మీ. సూది చుట్టుకొలత సుమారు 15.7 మి.మీ.; 6 మి.మీ. సూదిది సుమారు 18.8. ఉచ్చు సూదిని అంటిపెట్టుకొనియే కూర్చున్నదనుకొన్నను, సూది ఒక్క మిల్లీమీటరు లావెక్కినంతమాత్రమున ప్రతి ఉచ్చునకును మూడు మిల్లీమీటర్లకు పైగా దారము అదనముగా దక్కుచున్నది. పదివేల ఉచ్చులుండు శాలువలో ఇది ముప్పదియొక్క మీటర్లు. కంటికి ఆననంత తేడా కుట్టునకు కుట్టునకు చేరి, వంగని వస్త్రమును వంగునదిగా చేయును. లావు సూదికి ఊలు ఎక్కువ ఖర్చగునేమో యని చేయి వెనుకాడు గృహిణులు కలరు. ఒక్కొక్క కుట్టును చూచినచో వారి భయము నిజమే. కాని అంతే వైశాల్యమునకు కుట్లు తక్కువ పట్టుటచే మొత్తముమీద ఊలు సామాన్యముగా తగ్గునే గాని పెరుగదు. పిసినారితనమునకు ఇచట ప్రతిఫలము లేదు.

ఎంత లావు? వాడుకలో ఉన్న పద్ధతి, పట్టీ మీది అంకెకు ఒకటి మొదలు రెండు మిల్లీమీటర్ల వరకు కలుపుకొనుట. డబుల్ నిట్టింగ్ అను నడితరపు ఊలునకు పట్టీ 4 అని చెప్పినచో మనము 5 నుండి 6 లోపల సూదిని అందుకొందుము; అంతకంటె లావైన ఆరాన్ ఊలునకు 5 అని యున్నచో 6 గాని, 6.5 గాని, 7 గాని. ఇది ఆరంభమునకు పనికివచ్చు మాటయే తప్ప శాసనము కాదు, ఏలయన కుట్టును బట్టి కూడ కొలత మారును. పైన వర్ణించిన సాదా కుట్టు ఒక తరగతి. నిలువు పోగు రెండు కాళ్ల నడుమనుండి సూదిని వెనుకకు దూర్చి లాగు ‘నిట్’ కుట్టు, చూచుటకు స్వెట్టరు అల్లికను పోలియుండి, తాకిన దానికంటె రెట్టింపు దళసరి యనిపించును. దానికి సాదా కుట్టుకంటె ఇంకొక మెట్టు లావు సూది ఇచ్చినను తప్పులేదు. దారమును ముందుకు తెచ్చుకొని వేయు ‘పర్ల్’ కుట్టు వీపు బరువును కొంత ముఖమునకు తెచ్చుటచే, దానిని సాదా కుట్టుతో కలిపి వేసినచో ముడుత తగ్గును, సూదిని మరీ పెంచనక్కరలేదు. కుట్ల నడిమి సందులలో దూర్చి అల్లు జాలీలకు సందులే కావలసినంత గాలి నిచ్చుచున్నవి.

ఇంతకును వస్తువు దేనికని ముందుగా అడుగుకొనవలెను. కూరగాయల సంచికి, వేడి గిన్నె క్రింద పరచు మెత్తకు, దిండు గలీబునకు బిరుసే గుణము. వానికి పట్టీ మీది అంకెయే చాలును, నేను ఒక అరమెట్టు తగ్గించిన సందర్భములు కూడ కలవు. శాలువకు భుజము మీదినుండి జారు ఒడుపు కావలెను. సన్నని ఊలుతో 8 మి.మీ. సూదిని పట్టుకొనుటకు జంకరాదు. కందమును ఎన్నుకొన్న కవి కొలది మాత్రలలో భావమును బిగించుటకును, సీసమును ఎన్నుకొన్నవాడు దానిని పరచి నడపుటకును మొదటి పాదము వ్రాయకమునుపే సిద్ధపడియుండును. సగము పద్యమైన పిమ్మట కందమును సీసముగా సాగదీయుట ఎవరి తరమును కాదు. అల్లికలోను అంతే. నడుమ సూది మార్చిన మార్చవచ్చును గాని, మార్చిన వరుసవద్ద వెడల్పు మారి, ఆ గీటు చివరివరకు సాక్ష్యము చెప్పుచునే యుండును. ఆ మార్పునే కోరి వాడుకొని, నడుము వద్ద చిన్న సూదియు, క్రిందికి దిగిన కొలది పెద్ద సూదియు వేసి, కుట్లు పెంచకయే పావడాకు ఘేరు తెచ్చు నేర్పరులు లేకపోలేదు. వారు కూడ ఎచట ఎంత మార్చవలెనో ముందుగా తలచుకొన్నవారే.

కొలతలను గురించి మాట్లాడునప్పుడు అంకెల గందరగోళమును తలపక పోరాదు. ‘ఎనిమిదవ నంబరు సూది’ అని ఎవరైన అన్నచో, అది ఏ దేశపు ఎనిమిది యని ఎదురు అడుగవలెను. పాత బ్రిటిషు లెక్కలో 8 అనగా 4 మి.మీ.; ఆ లెక్కలో అంకె పెరిగినకొలది సూది సన్నబడును. అమెరికాలో 8 అనగా ‘హెచ్’ అక్షరముతో కూడిన 5 మి.మీ. సూది, అచట అంకె పెరిగినకొలది సూది లావగును, కాని అదే అమెరికాలో సన్నని ఉక్కు సూదులకు లెక్క తలక్రిందులై, ఉక్కు 8 అనునది ఒకటిన్నర మిల్లీమీటరుకు అటునిటుగా నుండును. జపానువారి 8/0 మరల 5 మి.మీ. ఇన్ని ఎనిమిదులను చూచినపిమ్మట మిల్లీమీటరు మీద నాకు భక్తి కుదిరినది. అమెరికా ‘జి’ సూది కొందరు చేయునది 4 మి.మీ., కొందరు చేయునది 4.25, అక్షరమును నమ్మి సగము పని ఒక ‘జి’తోను, మిగిలిన సగము వేరొక ‘జి’తోను చేసినవారి కష్టము ఊహింపదగినదే. రంధ్రముల పలక యొకటి కొని, ఏ సూది ఏ రంధ్రమున సరిగా దూరునో చూచుకొనుట, సూది మీద చెక్కిన అంకెను చదువుటకంటె మేలు.

మిల్లీమీటరు సైతము సూది యంతటిని కొలువదు. కొక్కెము క్రింద సన్నబడిన గొంతు కొన్ని సూదులలో కొక్కెముతో సమముగా చెక్కబడియుండును, కొన్నింటిలో నెమ్మదిగా సన్నగిలి మరల లావగును. మామూలు క్రోషేలో బిగువు చేతివారు ఉచ్చును ఆ గొంతుమీదనే బిగించి, 5 మి.మీ. సూదితో 4 మి.మీ. పని చేసివేయుదురు. ట్యునీషియన్ క్రోషేలో ఉచ్చు కాడమీదికి ఎక్కి, వరుస ముగియువరకు అచటనే కూర్చుండవలెను గనుక, కాడ లావే ఇచట అసలైన కొలత. అందుచేతనే కాడ మొదలు నుండి చివరవరకు ఒకే లావుగా నుండవలెను. బొటనవ్రేలికై నడుమ చదునుచేసిన మామూలు సూదులు ఈ పనికి కొరగావు. ఎనిమిది పది ఉచ్చుల సన్నని పట్టీ యొకటి, పిడి లేని మామూలు సూదితో గడుపుకొనవచ్చును. అంతకు మించినదానికి అడుగు పొడుగు గల గుబ్బ సూదియు, దుప్పటి వెడల్పునకు వెనుక ప్లాస్టికు తీగె తగిలించిన సూదియు అవసరము. తెరెజ్ ద దిల్‌మాఁ 1886లో వెలువరించిన సూదిపనుల సర్వస్వములో ఈ అల్లికకు చోటిచ్చి, పొడుగాటి సమమైన సూదినే విధించినది. అంతకు మునుపే, విక్టోరియా రాణి పెద్ద కుమార్తెకును ప్రష్యా రాకుమారుడు ఫ్రెడరిక్ విలియమునకును 1858లో వివాహమైన నాళ్లలో, ఇంగ్లండు స్త్రీలు ఈ కుట్టును ఆ రాకుమారి పేరనే పిలుచుకొనిరి. అమెరికావారికి ఇది నేటికిని ‘అఫ్గాన్’ కుట్టు.

వెదురు సూది ఉచ్చును కొంచెము పట్టి నిలుపును, అల్యూమినియము సూది జారవిడుచును. మన సముద్రతీరపు ఎండకాలములో, తడిచేతితో ఆక్రిలిక్ ఊలును వెదురుమీద నడుపుట ఒక తపస్సు. ఆ రోజులలో నాకు లోహపు సూదియే శరణ్యము.

ఇక చేయి. పట్టీ మీద అంకె అచ్చువేసినవాడు ఊహించుకొన్న చేయి ఒకటి కలదు. అది ఎవరి చేయియు కాదు. మా పెద్దమ్మది నరసాపురము ప్రక్క పల్లె. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిపోయిన క్రోషే లేసు ఆ ప్రాంతపు అరుగులమీద ఇంటింటి పనియై స్థిరపడినది; అరుగుమీద కూర్చుండి, వెంట్రుకంత కొక్కెముగల ఉక్కు సూదితో, తెల్లని నూలు దారముతో ఆమె అల్లిన పువ్వులు ఏ దేశపు బల్లలమీద పరచుకొన్నవో ఆమెకు తెలియదు. ఆ స్త్రీల శ్రమ ‘తీరిక వేళల పని’గా లెక్కకు వచ్చుటలోని అన్యాయమును మరియా మీస్ అను జర్మను విదుషి 1982లో ఒక గ్రంథముగానే వ్రాసినది. దారము దళారిది, నమూనా దళారిది, సూది నంబరు ఆ రెంటిని బట్టి వచ్చునది. ఎంత వదులు కావలెనని పెద్దమ్మను అడిగినవారు లేరు.

ఆమె చేతిలో నా 6 మి.మీ. సూదిని పెట్టినప్పుడు అటూ ఇటూ త్రిప్పి చూచి, “ఇదేం సూదే అమ్మాయ్, గరిటకాడలాగుంది! దీంతో పప్పు కలుపుకోవాలి గాని లేసేం అల్లుతావు?” అన్నది. చూపినంతనే నడక పట్టుకొన్నది, అందులో ఆశ్చర్యమేమియు లేదు. చూడదగినది ఆమె ఎడమచేయి. దారము చిటికెనవ్రేలికి రెండు చుట్లు చుట్టుకొని, చూపుడువ్రేలి మీదుగా వచ్చి, ఉచ్చు పడిన ప్రతిసారియు ఆ వ్రేలు తనంతట తాను ఒక్క గుంజు గుంజుచున్నది. ఉచ్చులు కాడను కరచిపట్టుకొని, జరుపబోయిన కిర్రుమనుచున్నవి; అయిదారు వరుసలు నడచునప్పటికి ఆ తునక, బల్లమీద నిలిపిన నిలిచినది. “కాస్త వదులుగా వెయ్యి పెద్దమ్మా” అంటిని. “వదులుగా వేస్తే మాలు వెనక్కొచ్చేదే ఆ రోజుల్లో. ఈ వేలు నా మాట వినదు” అన్నది. ఆమె చెప్పినది అక్షరాల నిజము. వ్రేలిని మార్చవలెనని నేను మరి అడుగలేదు, 8 మి.మీ. సూదిని తెచ్చియిచ్చితిని. అదే గుంజు, అదే చుట్టు. వస్త్రము మాత్రము చేతిమీద వేసిన వాలిపోయినది. “ఇది బాగుందే. నాకో శాలువా చేసుకుంటాను, ఊలు తెప్పించు” అన్నది పెద్దమ్మ. తన కొరకు తాను అల్లుకొనదలచి ఆమె ఊలు అడుగుట నేను అదివరకు వినియుండలేదు.

అల్లిక పుస్తకములు ‘చేతిని వదులు చేసికొనుము’ అని ఉపదేశించుచుండును. ఏండ్ల తరబడి బిగిసిన చేతికి ఆ ఉపదేశము నిష్ప్రయోజనమనియు, కొంత కఠినమనియు నా అభిప్రాయము. చేతికి అనువైన సూదిని వెదకుటయే తగినది.

దానిని వెదకు ఉపాయము మచ్చుతునక. ఇరువది అయిదు ముప్పది ఉచ్చులు ఎత్తుకొని, 5 మి.మీ. సూదితో రెండంగుళములు, ఆపైన 6తో రెండంగుళములు, ఆపైన 7తో రెండంగుళములు, ఒకే పట్టీగా అల్లవలెను. సూది మారినచోట ఒక రంగు దారపు ముక్కను గురుతుగా కట్టవలెను. పట్టీ అడుగున ఇరుకై, పైకి పోయినకొలది వెడల్పగును. దానిని ఉతికి, ఆరిన పిమ్మట, కన్నులు మూసికొని వ్రేళ్లతో నలిపి చూడుడు: మొదటి భాగము వంగుటకు బలము అడుగును, రెండవది అడిగిన వంగును, మూడవదానిలో వ్రేలి కొన నిలువు పోగుల నడుమ దిగబడినచో అది ఆ ఊలునకు మితిమీరిన సూది యని గ్రహింపవలెను. మితిమీరిన సూదికిని దోషములు కలవు: నిలువు గీతలు ఒక ప్రక్కకు వాలును, వస్త్రము తన బరువుకు తానే సాగి, భుజమున వేసిన అంగుళము నెలకు రెండంగుళములగును. కొలత తీయునప్పుడు అంచులను విడిచి, నడిమి పది సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నవో లెక్కింపవలెను. అంచు కుట్లు అందరివియు వంకరయే.

ఆరంభపు గొలుసును గురించి మరియొక మాట. పని 6తో చేయదలచినను, గొలుసును 7తో వేసికొని, దాని వెనుకవైపు గుబ్బలనుండి మొదటి ఉచ్చులను ఎత్తుకొన్నచో అడుగు అంచు బిగిసిపోక చదునుగా పడియుండును. ముగింపు వరుసకు కూడ కొందరు సూదిని మార్చుదురు. నాకు ఆ అవసరము కనబడలేదు.

కొత్తగా నేర్వదలచిన చెల్లెళ్లకును, అన్నదమ్ములకును నా మనవి ఇంతే. కట్టలకొలది సూదులు కొనకుడు. 5, 6.5, 8 మిల్లీమీటర్ల గుబ్బ సూదులు మూడు చాలును. వానిలో ఒక్కటియే కొనగలిగినచో 6.5 కొనుడు, నడితరపు ఊలుతో మఫ్లరును, బిడ్డల దుప్పటియు అది ఇముడ్చుకొనును. మీ చేయి మా పెద్దమ్మ చేయివంటిదైనచో 8.